కరెంటు లేని వేళ ల్యాప్‌టాప్: యూఎస్‌బీ-సీ చార్జింగు సామగ్రి ఎంపికలో తెలుసుకోవలసినవి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరాన్ని తాకినప్పుడు వేలాది విద్యుత్ స్తంభాలు నేలకొరిగాయి. కరెంటు తిరిగి రావడానికి ఎన్నో కాలనీలలో రోజుల తరబడి ఎదురుచూడవలసి వచ్చింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పల్లెలను చీకటిలో ముంచింది. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలలోకి నీరు చేరినప్పుడు ప్రాణనష్టం జరగకుండా ముందుగా కరెంటునే నిలిపివేయవలసి వచ్చింది.

ఇటువంటి సమయాలలో ఒకప్పుడు ఇంటి పెద్దల చింత దీపం గురించి, మంచినీటి గురించి ఉండేది. తరువాత ఫోను వచ్చి చేరింది. ఇప్పుడు ల్యాప్‌టాప్ కూడా ఆ జాబితాలోకి ఎక్కింది. అది విలాస వస్తువుగా ఉన్న రోజులు పోయాయి. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ల్యాప్‌టాప్ మీద కుమారుడి ఇంజినీరింగు ప్రాజెక్టు నడుస్తుంది, కుమార్తె ఇంటి నుండి చేసే ఉద్యోగం నడుస్తుంది, తండ్రి దుకాణపు జీఎస్టీ లెక్కలు నడుస్తాయి, తల్లి పిల్లలకు చెప్పే ఆన్‌లైన్ పాఠాలు నడుస్తాయి. దరఖాస్తుకు చివరి తేదీ తుపానును చూసి ఆగదు. వీడియోలో జరిగే ఇంటర్వ్యూ మధ్యలో తెర నల్లబడితే, ఆ అభ్యర్థి మాట అవతలివారు ఎంతవరకు నమ్ముతారో చెప్పలేము. పాడేరు, చింతపల్లి వంటి ఏజెన్సీ మండలాలలో వానాకాలమంతా, రాయలసీమ పొలాలలోని కాపలా షెడ్లలో ఏడాది పొడవునా ఇదే ఇబ్బంది.

దీనికి పరిష్కారం పెద్ద జనరేటరు కొనడమేనని చాలామంది అనుకుంటారు. ల్యాప్‌టాప్ ఒక్కదాని కోసమైతే అంత అవసరం లేదు. గత కొన్ని సంవత్సరాలుగా వస్తున్న ల్యాప్‌టాప్‌లలో అధికభాగం ఫోను చార్జింగుకు వాడే యూఎస్‌బీ-సీ రంధ్రం ద్వారానే చార్జి అవుతున్నాయి. ఐరోపా సమాఖ్య చట్టం 2024 డిసెంబరు 28 నుండి ఫోన్లకు, 2026 ఏప్రిల్ 28 నుండి ల్యాప్‌టాప్‌లకు ఈ పద్ధతిని తప్పనిసరి చేసింది. అక్కడి చట్టం ఇక్కడ వర్తించకపోయినా, కంపెనీలు దేశానికో రకం తయారు చేయవు గనుక ఆ మేలు మనకూ అందుతోంది. యూఎస్‌బీ-సీ వల్ల ల్యాప్‌టాప్‌కు గోడలోని 230 వోల్టుల సాకెట్టే దిక్కు కాకుండా పోయింది. కారు బ్యాటరీ, ఇన్వర్టరు బ్యాటరీ, పవర్‌బ్యాంకు, సోలారు పలక, వీటిలో ఏదైనా దానికి ఆధారం కాగలదు. అయితే బజారులో దొరికే ప్రతి చార్జరూ, ప్రతి కేబులూ ఈ పని చేయవు. చూడటానికి అన్నీ ఒకేలా ఉండటమే చిక్కు.

అడగనిదే అమ్మయినా పెట్టదు

యూఎస్‌బీ-సీ చార్జింగు వెనుక ఉన్న సూత్రాన్ని ఈ సామెత కంటే బాగా చెప్పడం కష్టం. చార్జరును ల్యాప్‌టాప్‌కు తగిలించిన క్షణంలో అందులో నుండి 5 వోల్టులు మాత్రమే వస్తాయి. అంతకు మించి కావాలంటే ల్యాప్‌టాప్ అడగాలి. చార్జరు ముందుగా తన దగ్గర ఏమేమి ఉన్నాయో చెబుతుంది: 5 వోల్టులు, 9 వోల్టులు, 15 వోల్టులు, 20 వోల్టులు, ఒక్కొక్కదానికి ఇన్ని ఆంపియర్లు అని. ల్యాప్‌టాప్ తనకు కావలసినదాన్ని ఎంచుకుంటుంది. ఆ ఒప్పందం కుదిరాకే చార్జరు వోల్టేజి పెంచుతుంది. ఈ సంప్రదింపుల పద్ధతినే పవర్ డెలివరీ అంటారు. పెట్టెల మీద పీడీ అనే రెండక్షరాలుగా కనిపించేది ఇదే. ఫోను చార్జరును ల్యాప్‌టాప్‌కు పెట్టినా ఏదీ కాలిపోకపోవడానికి కారణం కూడా ఈ సంప్రదింపే. కుదిరితే చార్జి అవుతుంది, కుదరకపోతే ఊరకే ఉంటుంది.

చాలా ల్యాప్‌టాప్‌లు 20 వోల్టులనే కోరుకుంటాయి. తేలికపాటివి కొన్ని 15 వోల్టులతోనూ సర్దుకుంటాయి. 9 వోల్టుల దగ్గర ఆగిపోయే చార్జరు దాదాపు ఏ ల్యాప్‌టాప్‌కూ పనికిరాదు. కనుక చార్జరు కొనేటప్పుడు పెట్టె మీద పెద్ద అక్షరాలలో ఉన్న వాట్ల సంఖ్యను పక్కన పెట్టి, చార్జరు ఒంటి మీద చీమతలకాయంత అక్షరాలలో ముద్రించిన అవుట్‌పుట్ వరుసను చదవాలని మా సలహా. కళ్లజోడు తీసుకుని వెళ్లడంలో నామోషీ ఏమీ లేదు. ఆ వరుసలో 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు అని ఉంటే అది 65 వాట్ల చార్జరు. 20 వోల్టులు, 5 ఆంపియర్లు అని ఉంటే 100 వాట్లది. 20 అన్న అంకె అసలే కనిపించకపోతే, పెట్టె మీద ఎన్ని వాట్లు రాసి ఉన్నా దాన్ని వదిలేయవచ్చు.

ఇక్కడ రెండు మాయలు జరుగుతున్నాయి. మొదటిది, కొన్ని ఫోను కంపెనీల సొంత పద్ధతి. ఫోనుతో వచ్చిన చార్జరు మీద 67 వాట్లనో 80 వాట్లనో ఉంటుంది. ఆ శక్తి ఆ కంపెనీ ఫోనుకు, ఆ కంపెనీ కేబులుతోనే లభిస్తుంది. ల్యాప్‌టాప్‌కు పెడితే అందులో కొద్దిభాగమే ఇస్తుంది, లేదా ఏమీ ఇవ్వదు. రెండవది, రంధ్రాలన్నింటినీ కలిపి చెప్పే మొత్తం. మూడు రంధ్రాల చార్జరు మీద 100 వాట్లని ఉంటే అది మూడింటి మొత్తం కావచ్చు. ల్యాప్‌టాప్ ఒక్కటే ఉన్నంతసేపు 100 వాట్లు ఇచ్చి, పక్కన ఫోను తగిలించగానే ల్యాప్‌టాప్ వాటాను 65కో 45కో తగ్గించేవి చాలా ఉన్నాయి. అలా తగ్గించేటప్పుడు ఒక క్షణం రెండింటికీ సరఫరా ఆగి మళ్లీ మొదలవుతుంది కూడా. ఏ రంధ్రానికి ఎంత అన్న పట్టిక చార్జరు కాగితంలో ఉంటుంది. దాన్ని చూసి కొనాలి.

మరి మన ల్యాప్‌టాప్‌కు ఎన్ని వాట్లు కావాలి? దానితో వచ్చిన అసలు చార్జరు మీద ఉన్న సంఖ్యే ప్రమాణం. మామూలు ఆఫీసు, చదువు పనులకు వాడేవాటికి 45 లేక 65 వాట్లు సరిపోతాయి. 2020లో వచ్చిన యాపిల్ ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ కంపెనీ ఇచ్చిన 30 వాట్ల చార్జరుతోనే నడుస్తుంది. ఆటల కోసం చేసిన బరువైన ల్యాప్‌టాప్‌ల సంగతి వేరు. వాటిని కరెంటు లేని చోట నడపాలనుకోవడం బిందెడు నీళ్లతో మడి తడపాలనుకోవడమే. 2021లో వచ్చిన పవర్ డెలివరీ 3.1 ప్రమాణం 48 వోల్టులతో 240 వాట్ల వరకూ అనుమతిస్తున్నది నిజమే గాని, మనం మాట్లాడుకునే ఇంటి అవసరాలకు దానితో పని లేదు.

కేబులు చిన్నదే, పేచీ పెద్దది

మంచి చార్జరు కొని, పాత ఫోను కేబులు తగిలించి, చార్జరు బాగాలేదని దుకాణదారుతో వాదించేవారు ఎందరో. ఒక చివర వెడల్పాటి పాత యూఎస్‌బీ, మరొక చివర యూఎస్‌బీ-సీ ఉన్న కేబులుతో పవర్ డెలివరీ సంప్రదింపులు సాధ్యం కావు. రెండు చివరలా యూఎస్‌బీ-సీ ఉండి తీరాలి. అలా ఉన్న సాధారణ కేబులు 3 ఆంపియర్ల వరకు, అంటే 60 వాట్ల వరకు మోయగలదు. అంతకు మించి కావాలంటే కేబులు తలలో ఒక చిన్న చిప్పు ఉండాలి. అది "నేను 5 ఆంపియర్లు మోయగలను" అని చార్జరుకు చెప్పుకుంటుంది. ఆ చిప్పు లేని కేబులుతో 100 వాట్ల చార్జరు కూడా 60 దగ్గరే ఆగిపోతుంది. కొత్త కేబుళ్ల మీద 60 వాట్లు లేక 240 వాట్లు అన్న గుర్తు ఉంటుంది. 240 గుర్తు ఉన్నది ఒకటి కొంటే ఎన్నేళ్లయినా మార్చవలసిన అవసరం రాదు.

మీటరుకు మించిన పొడవు అనవసరం. అయస్కాంతంతో అతుక్కునే చిన్న ముక్కలను ల్యాప్‌టాప్ చార్జింగుకు వాడవద్దు. అవి యూఎస్‌బీ ప్రమాణంలో లేనివి. వాట్లు చూపే చిన్న తెర ఉన్న కేబుళ్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. మేము ఈ సామగ్రిలో ఒకే ఒక్క అదనపు ఖర్చుకు ఒప్పుకుంటామంటే అది దీనికే. ఎంత శక్తి వెళ్తోందో కంటికి కనిపిస్తే సగం సందేహాలు అక్కడే తీరిపోతాయి.

ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ-సీ రంధ్రం ఉన్నంత మాత్రాన అది చార్జింగు తీసుకుంటుందని అనుకోరాదు. తక్కువ ధరలో వచ్చిన కొన్ని నమూనాలలో ఆ రంధ్రం సమాచారం పంపడానికే. కొనేముందు తెలిసినవారి 65 వాట్ల చార్జరు ఒకసారి తగిలించి చూస్తే తేలిపోతుంది. గుండ్రటి పిన్ను ఉన్న పాత ల్యాప్‌టాప్‌లకు కూడా ఒక దారి ఉంది. ఒక చివర యూఎస్‌బీ-సీ, మరొక చివర గుండ్రటి పిన్ను ఉండి, మధ్యలోని చిప్పు ల్యాప్‌టాప్ తరఫున 20 వోల్టులు అడిగిపెట్టే కేబుళ్లు ఉన్నాయి. 19 లేక 19.5 వోల్టుల ల్యాప్‌టాప్‌లకు 20 వోల్టులు ఇబ్బంది కావు. అయితే పిన్ను కొలత సరిగ్గా కుదరాలి. డెల్, హెచ్‌పీ పాత నమూనాలలో పిన్ను మధ్యలో సన్నని సూది ఉంటుంది. అది చార్జరును గుర్తుపట్టే తీగ. దాన్ని పట్టించుకోని చౌకరకం కేబులుతో ల్యాప్‌టాప్ నడుస్తుందేమో గాని బ్యాటరీ నిండకపోవచ్చు.

ధార వేరు, బిందె వేరు

వాట్లు కుళాయి ధార వంటివి. వాట్-అవర్లు బిందెలో ఉన్న నీళ్లు. చార్జరు కొనేటప్పుడు చూడవలసింది ధార, బ్యాటరీ కొనేటప్పుడు చూడవలసింది బిందె. ఈ తేడా తెలియకనే చాలామంది డబ్బు వృథా అవుతోంది.

అక్షరాలు టైపు చేయడం, చదవడం వంటి పనులలో మామూలు ల్యాప్‌టాప్ 8 నుండి 15 వాట్లు వాడుకుంటుంది. వీడియో పాఠమో, సమావేశమో జరుగుతుంటే 15 నుండి 25. సగటున 15 అనుకుంటే, రోజుకు ఆరు గంటల పనికి 90 వాట్-అవర్లు. రెండు ఫోన్లకు మరో 40. ఇంటర్నెట్టు ఫోను నుండే తీసుకుంటే రౌటరు ఖర్చు ఉండదు. అంటే ఒక కుటుంబపు రోజువారీ అవసరం 130 వాట్-అవర్లకు అటూ ఇటూగా తేలుతుంది. ఈ సంఖ్యను ఒక కాగితం మీద రాసుకుంటే మిగతా ఎంపికలన్నీ సులువవుతాయి.

ఇప్పుడు ముఖ్యమైన విషయానికి వద్దాం. మన ఊళ్లలో ఎన్నో ఇళ్లలో ఫ్యాన్ల కోసం, లైట్ల కోసం పెట్టుకున్న ఇన్వర్టరు, దాని కింద 150 ఆంపియర్-అవర్ల పెద్ద బ్యాటరీ ఇప్పటికే ఉంది. 12 వోల్టులను 150తో గుణిస్తే 1800 వాట్-అవర్లు. సీసపు బ్యాటరీని సగానికి మించి వాడితే దాని ఆయువు తగ్గిపోతుంది. కనుక చేతికి వచ్చేది 900 అనుకుందాం. అయినా అది మన రోజువారీ 130 ముందు చాలా పెద్ద బిందె. కాని ఆ బిందెకు చిల్లు ఉంది. ఇన్వర్టరు 12 వోల్టులను 230 వోల్టులుగా మారుస్తుంది. ఆ 230ని మళ్లీ ల్యాప్‌టాప్ చార్జరు 20 వోల్టులుగా మారుస్తుంది. రెండు మార్పులలోనూ నష్టమే. పైగా ఏ పరికరం తగిలించకపోయినా ఇన్వర్టరు తన కోసం తాను పది, పదిహేను, కొన్నిసార్లు ఇరవై వాట్లు తింటూ ఉంటుంది. 15 వాట్ల ల్యాప్‌టాప్‌ను ఈ దారిలో నడిపితే బ్యాటరీ నుండి సుమారు 35 వాట్లు పోతాయి. 900 వాట్-అవర్లు ఇరవై అయిదు గంటలలో ఖాళీ.

అదే బ్యాటరీ నుండి 12 వోల్టులను నేరుగా యూఎస్‌బీ-సీగా మార్చే కారు చార్జరు పెట్టుకుంటే? మంచి కారు చార్జరు నూటికి తొంభై పాళ్లు శక్తిని అందిస్తుంది. 15 వాట్లకు బ్యాటరీ నుండి పోయేది 17 వాట్లు. అదే 900 వాట్-అవర్లు యాభై గంటలు దాటి వస్తాయి. ఇన్వర్టరును ఆపివేసి, రాత్రి ఫ్యాను కోసం మాత్రమే వేసుకోవచ్చు. కొత్త బ్యాటరీ కొనకుండానే ల్యాప్‌టాప్ నడిచే కాలాన్ని రెట్టింపు చేసే ఈ చిన్న పరికరాన్ని మేము అన్నింటికంటే ముందు సిఫారసు చేస్తాము.

అయితే దీన్ని అమర్చడంలో శ్రద్ధ అవసరం. కారులో సిగరెట్టు లైటరుకు ఉండే గుండ్రటి సాకెట్టు విడిగా దొరుకుతుంది. దాని ఎర్ర వైరు బ్యాటరీ ప్లస్సుకు, నల్ల వైరు మైనస్సుకు వెళ్లాలి. తారుమారైతే చార్జరు పోతుంది. 65 వాట్లు ఇవ్వడానికి 12 వోల్టుల వైపు సుమారు 6 ఆంపియర్లు ప్రవహిస్తాయి. కనుక సన్నని స్పీకరు వైరు పనికిరాదు. ఇంటి వైరింగుకు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు కావాలి, అదీ రెండు మూడు మీటర్లకు మించకుండా. సన్నవైరు వాడితే దారిలోనే వోల్టు పైచిలుకు పడిపోయి, బ్యాటరీలో సగం శక్తి ఉండగానే చార్జరు ఆగిపోతుంది.

ఎర్ర వైరుకు బ్యాటరీ నుండి జానెడు దూరంలోపే 15 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. దీనిలో మినహాయింపు లేదు. 12 వోల్టులు మనిషికి షాకు కొట్టవు గనుక ప్రమాదం లేదనుకోవడం సరికాదు. వైరు ఎక్కడైనా ఒరుసుకుని కలిస్తే ఆ బ్యాటరీ వందల ఆంపియర్లు పారించి వైరును క్షణంలో ఎర్రగా కాల్చగలదు. పక్కన పరదా ఉన్నా, పరుపు ఉన్నా అంటుకుంటుంది. సీసపు బ్యాటరీ చార్జి అవుతున్నప్పుడు హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. కాబట్టి గాలి ఆడే చోట, ఇన్వర్టరు ఆపి, నిప్పురవ్వ రాకుండా కనెక్షను ఇవ్వాలి. చేతికి ఉంగరం, గాజులు ఉంటే తీసి పక్కన పెట్టాలి. ఇంట్లో చేతనైనవారు లేకుంటే కార్ల ఎలక్ట్రీషియనుకు ఇది అరగంట పని.

రెండు బ్యాటరీలు వరుసగా కలిపిన 24 వోల్టుల ఇన్వర్టరు ఉన్న ఇళ్లవారు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. వాటిలో ఒక్క బ్యాటరీ నుండి మాత్రమే 12 వోల్టులు లాగరాదు. ఒకటి నీరసించి, రెండవది మితిమీరి చార్జి అయి, రెండూ త్వరగా చెడిపోతాయి. రెండింటి చివరల నుండి పూర్తి 24 వోల్టులే తీసుకోవాలి. చార్జింగు సమయంలో అది 29 వోల్టుల దాకా పెరుగుతుంది కనుక, 30 లేక 32 వోల్టుల వరకు తట్టుకుంటానని స్పష్టంగా రాసి ఉన్న కారు చార్జరే కొనాలి. ఇంకొకటి: ఇన్వర్టరు బ్యాటరీ బాగా తగ్గినప్పుడు తనంతట తాను ఆగిపోతుంది. నేరుగా తగిలించిన కారు చార్జరు అలా ఆగుతుందన్న నమ్మకం లేదు. వోల్టులు చూపే చిన్న అంకెల తెర ఉన్న సాకెట్టు తీసుకుని, 12కు దిగగానే ఆపడం మేలు.

ఇంటి ముందున్న కారునే వాడుకోవచ్చు కదా అనిపించవచ్చు. చిన్న కారు బ్యాటరీ 35 ఆంపియర్-అవర్లు మాత్రమే. అది ఇంజను తిప్పడానికి చేసినది, నెమ్మదిగా పిండుకోవడానికి కాదు. ల్యాప్‌టాప్‌ను ఒకసారి నింపేలోపే మరునాడు బండి మొరాయించే స్థితికి రావచ్చు. ఇంజను నడుపుతూ చార్జి చేస్తే పరవాలేదు, కాని మూసిన షెడ్డులో ఎట్టి పరిస్థితిలోనూ కాదు. ఇంజను పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది.

మిద్దె మీది సోలారు ఎందుకు పలకదు?

2024 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం మొదలైన తరువాత ఎన్నో మిద్దెల మీద సోలారు పలకలు వెలిశాయి. తుపాను వస్తే మాకేమి అనుకునే ఈ కుటుంబాలకు ఒక నిజం ముందే తెలియాలి. ఈ పథకం కింద సాధారణంగా అమర్చేది విద్యుత్ లైనుతో ముడిపడిన పద్ధతి. లైనులో కరెంటు పోగానే ఎండ మండిపోతున్నా సరే అది తనంతట తాను ఆగిపోతుంది. స్తంభమెక్కి మరమ్మతు చేసే లైన్‌మన్‌కు మన మిద్దె మీది కరెంటు తగలకుండా పెట్టిన రక్షణ అది. బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టరు ఉంటే తప్ప ఆ పలకలు ఆపదలో అక్కరకు రావు.

ల్యాప్‌టాప్ అవసరానికి విడిగా ఒక 100 వాట్ల చిన్న పలక చాలు. మన రాష్ట్రాలలో ఏడాది సగటున రోజుకు సుమారు అయిదు గంటల నిండు ఎండతో సమానమైన వెలుతురు పడుతుంది. కాగితం మీద అది 500 వాట్-అవర్లు. వేసవి మధ్యాహ్నం పలక వేడి 60 డిగ్రీలు దాటినప్పుడు దాని శక్తి నూటికి పన్నెండు నుండి పదిహేను పాళ్లు తగ్గుతుంది. దుమ్ము, వైరు, కంట్రోలరు నష్టాలు కలిపితే చేతికి 330 దాకా వస్తుంది. మబ్బు రోజున అందులో మూడోవంతు కూడా రాకపోవచ్చు. అయినా మన 130కి ఇది సరిపడే పలకే.

పలకకూ ల్యాప్‌టాప్‌కూ మధ్య బ్యాటరీ ఉండి తీరాలి. నేరుగా యూఎస్‌బీ-సీ రంధ్రం ఇచ్చే మడత పలకలు చూడముచ్చటగా ఉంటాయి. కాని ఒక మబ్బుతునక అడ్డు వచ్చినా, పక్కింటి కొబ్బరాకు నీడ పడినా, చార్జరుకూ ల్యాప్‌టాప్‌కూ కుదిరిన ఒప్పందం తెగిపోతుంది. మళ్లీ మొదటి నుండి సంప్రదింపులు. పలక నుండి చార్జి కంట్రోలరు, అక్కడి నుండి బ్యాటరీ, బ్యాటరీ నుండి కారు చార్జరు, ఇదీ వరుస. కంట్రోలరులలో చౌకగా దొరికే పీడబ్ల్యూఎం రకం 18 వోల్టుల పలకను 13 వోల్టుల బ్యాటరీ స్థాయికి లాగేస్తుంది. 100 వాట్లలో 70 మాత్రమే దక్కుతాయి. ఎంపీపీటీ రకం ఆ నష్టాన్ని చాలావరకు పూడుస్తుంది. ఒక్క చిన్న పలకకైతే ధరల తేడాతో మరికొంత పెద్ద పలక కొనడమే లాభమని మా అభిప్రాయం.

కొత్తగా బ్యాటరీ కొనేవారు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకాన్ని పరిశీలించవచ్చు. సీసపుదానిలా సగం దగ్గర ఆపనక్కరలేదు, నీళ్లు పోయనక్కరలేదు, బరువు సగానికంటే తక్కువ, వేలసార్లు నింపి వాడుకోవచ్చు. కాని సోలారు కంట్రోలరులోనూ, ఇన్వర్టరులోనూ ఆ రకానికి తగిన అమరిక ఉందో లేదో ముందు చూడాలి. అన్నీ ఒకే పెట్టెలో ఇమిడిన పవర్ స్టేషన్లు సౌకర్యమే గాని, చెడిపోతే మండల కేంద్రంలో బాగుచేసేవారు దొరకరు. విడివిడి భాగాలైతే ఏది పోతే అది మార్చుకోవచ్చు.

పవర్‌బ్యాంకులో తూకం

బయటికి తీసుకువెళ్లవలసినవారికి, ఊరూరా తిరిగే ఆరోగ్య కార్యకర్తలకు, హాస్టలు విద్యార్థులకు పవర్‌బ్యాంకే తగినది. 20,000 ఎంఏహెచ్ అన్న సంఖ్య లోపలి సెల్లుల 3.7 వోల్టుల దగ్గర లెక్క. రెండింటినీ గుణించి వెయ్యితో భాగిస్తే 74 వాట్-అవర్లు. మార్పిడి నష్టం పోను ల్యాప్‌టాప్‌కు చేరేది 60. మామూలు ల్యాప్‌టాప్ బ్యాటరీ 50 నుండి 60 వాట్-అవర్లు ఉంటుంది కనుక, ఒక్కసారి నింపగలదు. అవుట్‌పుట్ వరుసలో 20 వోల్టులు, 45 వాట్లకు తగ్గకుండా ఉందో లేదో ఇక్కడా చూడాలి. 22.5 వాట్ల పవర్‌బ్యాంకు ఎంత పెద్దదైనా ఫోన్లకే.

సంతలలో, ఫుట్‌పాత్‌ల మీద 50,000 ఎంఏహెచ్ అని రాసి అమ్మేవాటిని నమ్మవద్దు. అది తూకంలో మోసమే, దాన్ని తూకంతోనే పట్టుకోవచ్చు కూడా. నేటి మేలైన లిథియం సెల్లులు కిలోకు సుమారు 250 వాట్-అవర్లు దాచగలవు. 74 వాట్-అవర్లకు సెల్లుల బరువే 300 గ్రాములకు చేరుతుంది, పైన డబ్బా, సర్క్యూట్ అదనం. కిరాణా కాటా మీద 200 గ్రాములు తూగే 20,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకు అబద్ధమాడుతున్నట్లే. నాసిరకం సెల్లులతో నిప్పు ప్రమాదం కూడా ఉంది. మన దేశంలో పవర్‌బ్యాంకులకు, ల్యాప్‌టాప్ చార్జర్లకు భారతీయ ప్రమాణాల సంస్థ నమోదు తప్పనిసరి. ఆర్ అక్షరంతో మొదలయ్యే ఎనిమిది అంకెల సంఖ్య వాటి మీద ముద్రించి ఉంటుంది. బీఐఎస్ కేర్ అనే యాప్‌లో ఆ సంఖ్యను కొట్టి చూస్తే అది నిజమో, వేరొకరి సంఖ్యను అరువు తెచ్చుకున్నదో తెలిసిపోతుంది.

హజ్, ఉమ్రా యాత్రలకు, గల్ఫ్ ఉద్యోగాలకు విమానంలో వెళ్లేవారు పవర్‌బ్యాంకును చెక్-ఇన్ సామానులో పెట్టరాదు, చేతి సంచిలోనే ఉంచుకోవాలి. 100 వాట్-అవర్ల వరకు అనుమతి అక్కరలేదు. 100 నుండి 160 వరకు విమాన సంస్థ ముందస్తు అనుమతి కావాలి. 20,000 ఎంఏహెచ్‌కు ఇబ్బంది లేదు. 30,000 అంటే 111 వాట్-అవర్లు, విమానాశ్రయంలోనే వదిలి రావలసి రావచ్చు. ఎమిరేట్స్ సంస్థ 2025 అక్టోబరు 1 నుండి ప్రయాణికుడికి ఒక్కదాన్నే అనుమతిస్తూ, విమానంలో దాన్ని వాడటాన్ని నిషేధించింది. వాట్-అవర్ల సంఖ్య డబ్బా మీద చెరిగిపోకుండా ఉండటం కూడా ముఖ్యమే. తనిఖీ సిబ్బంది చూసేది దాన్నే.

సామగ్రి అంతా సమకూరాక, వాతావరణం బాగున్న ఒక ఆదివారం ఇంటి మెయిను స్విచ్చి ఆపి, సాయంత్రం దాకా ల్యాప్‌టాప్‌ను దీని మీదనే నడిపి చూడండి. ఏ కేబులు సగం వాట్లే ఇస్తోందో, ఏ సాకెట్టు వేడెక్కుతోందో ఆ రోజే బయటపడుతుంది. పనిచేసిన చార్జరు, కేబులు జతను ఒక గుడ్డసంచిలో వేసి, పిల్లలు ఫోన్ల కోసం పట్టుకుపోకుండా బీరువాలో పెట్టండి. పవర్‌బ్యాంకును మాత్రం నిండుగా గాని, పూర్తిగా ఖాళీగా గాని నెలల తరబడి వదలక, సగానికి పైగా నింపి దాచి, మూడు నెలలకొకసారి చూసుకుంటూ, అక్టోబరు తుపానుల కాలం రాకముందే పూర్తిగా నింపి పెట్టుకోవాలి.